కాపలా బండ మీద ఎవరు?

అనగనగా ఒక అడవి. ఎండాకాలం వచ్చిందంటే ఆ అడవిలో వాగులన్నీ ఎండిపోయి ఒక్క మడుగే మిగిలేది. కొమ్ములవాళ్ళు, తోకలవాళ్ళు, రెక్కలవాళ్ళు, అందరూ నీళ్ళకి అక్కడికే రావాలి. ఆ సంగతి చిరుతపులికి కూడా తెలుసు. అదీ అసలు చిక్కు.

అందుకని మడుగు పక్కన బండ మీద ఒకరిని కాపలా పెట్టుకునేవాళ్ళు. చిరుత అలికిడి కాగానే కేక వెయ్యడం వాళ్ళ పని. ఏటా ఇప్పపూలు రాలే రోజుల్లో ఎన్నిక జరిగేది. ఎవరు కావాలనుకుంటే వాళ్ళ ముందు ఒక తునికాకు వెయ్యాలి. ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్ళే కాపలా. మీరు బళ్ళో క్లాసు లీడరుని ఎన్నుకోరూ, అలాగే.

ఆ ఏడు పెద్ద కొమ్ముల దుప్పి, పొడుగు తోక కొండముచ్చు, నెమలి నిలబడ్డారు. వాళ్ళ పక్కనే తీతువు పిట్ట కూడా నిలబడింది.

తీతువు చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. సన్న కాళ్ళు, గట్టి గొంతు. నేల మీదే రాళ్ళ మధ్య గుడ్లు పెట్టుకుంటుంది. పగలనక రాత్రనక మేలుకుని ఉంటుంది. ఆకు కదిలినా అరుస్తుంది. కాపలాకి ఇంకేం కావాలి చెప్పండి? కానీ తీతువు అరిస్తే అపశకునమని అడవిలో ఒక మాట. "చెట్టెక్కని పిట్ట మా జాతే కాదు" అని రెక్కలవాళ్ళు కూడా దాన్ని కలుపుకునేవాళ్ళు కాదు.

ఇక నక్క సంగతి. నక్క ఎన్నికలో నిలబడలేదు. చిరుత తిని వదిలేసిన ఎముకలు దొరికితే దానికి చాలు. అవి దొరకాలంటే తీతువు బండెక్కకూడదు.

నక్క ముందుగా కొమ్ములవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. "అయ్యా, మీరు సూర్యుడికి మొక్కేవాళ్ళు. కొండముచ్చు గెలిచాడంటే రేపట్నుంచి మిమ్మల్ని చంద్రుడికి మొక్కమంటాడు. ఆ పైన మీ ఇష్టం" అంది.

తరవాత తోకలవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. "దుప్పి గెలిస్తే మీ వెన్నెల పూజ ఆపించేస్తాడట. నాకెందుకులే, విన్నమాట చెప్పాను" అంది.

ఆ తరవాత రెక్కలవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. "ఆ బండ మీద మీవాడు కూర్చోకపోతే అడవిలో మీకు పరువేముంటుంది?" అంది.

పోలి అని ఒక ఆడదుప్పి ఉండేది. దానికొక చిన్న కూన. కూన క్షేమంగా ఉండాలన్నదే పోలి కోరిక. తీతువు ఎంత మెలకువగా ఉంటుందో పోలికి బాగా తెలుసు. అందుకే ఆకు నోట కరచుకుని తీతువు వైపు నడిచింది.

నక్క ఎదురొచ్చింది. "పోలమ్మక్కా! పెద్ద దుప్పి నీకు వరసకి అన్న కదా? మనవాణ్ణి కాదని ఆ అపశకునం పిట్టకి వేస్తావా? నలుగురూ ఏమనుకుంటారు?" అంది.

పోలి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. కొమ్ములవాళ్ళందరూ తనవైపే చూస్తున్నారు. ఆకు తీసుకెళ్ళి అన్న ముందు వేసేసింది.

దుప్పులే ఎక్కువమంది కాబట్టి దుప్పి గెలిచాడు. తీతువు ముందు ఒక్క ఆకే ఉంది. అదీ తను వేసుకున్నదే!

దుప్పి బండెక్కగానే రెండు హుకుములు జారీ చేశాడు. "నీడ ఉన్న ఒడ్డు కొమ్ములవాళ్ళది. నేను తప్ప ఇంకెవరూ కేక వెయ్యకూడదు. ముఖ్యంగా ఆ తీతువు!"

ఒకరోజు మిట్టమధ్యాహ్నం చిరుత వచ్చింది. దుప్పి బండ మీద హాయిగా కునుకు తీస్తున్నాడు. కొండముచ్చు కొమ్మ మీంచి చిరుతని చూశాడు. 'కాపలా వాళ్ళది కదా, మనకెందుకు?' అనుకుని ఊరుకున్నాడు. నెమలీ చూశాడు. మొహం అటు తిప్పుకున్నాడు. పోలి కూన ఒక్కతే నీళ్ళ అంచున నిలబడి ఉంది. చిరుత పొదల చాటున ముందుకి పాకుతోంది.

"టిట్టిట్టీ! టిట్టిట్టీ!"

అది తీతువు. కూన ఉలిక్కిపడి ఒక్క దూకు దూకింది. చిరుత పంజా దాని చెవికి మాత్రమే తగిలింది. చెవి చిరిగింది కానీ ప్రాణం దక్కింది.

పోలి కూనని నాకుతూ నాకుతూ ఏడ్చింది. తీతువు దగ్గరికి వెళ్ళి, "నీకు ఆకు వెయ్యలేదు. పైగా అరవొద్దన్నాం. అయినా ఎందుకు అరిచావు తల్లీ?" అంది.

"నా పిల్లలూ నేల మీదే ఉన్నారు పోలమ్మా. పులి అడుగు వింటే నా గొంతు ఆగదు. ఎవరి బిడ్డో అడిగి అరవడానికి తీరికెక్కడిది?" అంది తీతువు.

పోలి అందరినీ పిలిచి మళ్ళీ ఎన్నిక పెట్టాల్సిందే అంది. దుప్పి సిగ్గుతో బండ దిగాడు. నక్క మళ్ళీ బయల్దేరబోయింది. పోలి దాన్ని ఆపింది.

"నక్క మామా, తిరగడం ఎందుకు, ఇక్కడే కూర్చో. ఈసారి ఆకులొద్దు. రేపు మనమందరం నీళ్ళు తాగుతూ ఉందాం. ఎన్నికలో నిలబడ్డ నలుగురూ పొదల చాటు నుంచి ఒకరి తరవాత ఒకరు కేక వేస్తారు. ఎవరి కేకకి మన కాళ్ళు లేస్తే వాళ్ళే కాపలా."

'ఎవరివాళ్ళు వాళ్ళ కేకకే లేస్తారులే' అనుకుని నక్క సరేనంది.

మర్నాడు అందరూ మడుగులో మూతులు పెట్టారు. దుప్పి కేక వేశాడు. "ఆహా, ఏం గొంతు!" అని కొమ్ములవాళ్ళు తలలూపి మళ్ళీ నీళ్ళు తాగారు. కొండముచ్చు కేక వేశాడు. "మావాడే, మావాడే!" అని తోకలవాళ్ళు మురిసిపోయారు. నెమలి అరిచాడు. "ఎంత సొంపుగా అరిచాడో!" అని రెక్కలవాళ్ళు మెచ్చుకున్నారు. ఒక్కరూ కదల్లేదు.

"టిట్టిట్టీ! టిట్టిట్టీ!"

ఈసారి మెచ్చుకోవడానికి మడుగు దగ్గర ఎవరూ మిగల్లేదు! కొమ్ములూ తోకలూ రెక్కలూ అన్నీ గట్టెక్కేశాయి. అందరికంటే ముందు గట్టు మీద ఎవరున్నారో తెలుసా? మన నక్క! "ఏదీ? చిరుత ఎటువైపుంది?" అంటూ రొప్పుతోంది.

"చిరుత లేదు మామా. నీ ఓటు కూడా తీతువుకే పడింది, అంతే" అంది పోలి.

అడవంతా పగలబడి నవ్వింది. దుప్పి కూడా నవ్వాడు. ఏం చేస్తుంది పాపం, నక్కా నవ్వింది.

తీతువు బండెక్కింది. కొమ్ములవాళ్ళు పొద్దున్నే సూర్యుడికి మొక్కుకుంటున్నారు. తోకలవాళ్ళు వెన్నెల్లో మొక్కుకుంటున్నారు. ఎవరూ ఎవరినీ ఆపలేదు. నీడ ఉన్న ఒడ్డు ముందొచ్చినవాళ్ళదే. చెవి చిరిగిన కూన హాయిగా నీళ్ళు తాగుతోంది. ఆ పక్కనే నక్క కూడా తాగుతోంది. దానికోసం కూడా తీతువే మేలుకుని ఉంది.

నీతి: కాపలా ఉండేవాడిలో కులం, మతం వెతక్కండి, మెలకువ వెతకండి. ఆపద ఎవరి గుమ్మమో అడిగి రాదు.