గోరువంక దిద్దిన పాట

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక పాట ఉండేది. అడవికి పాట ఉండటమేమిటని మీరు అడుగుతారు, నాకు తెలుసు. ఆ పాటను ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. అందుకని అది అందరిదీ అయింది. అంతే మరి.

పొద్దున్నే చెట్ల మధ్య మంచు తెరలు తెరలుగా దిగేది. ఎక్కడో కొమ్మ మీద ఉడుత సన్నగా పాట మొదలుపెట్టేది. గడ్డి నములుతున్న జింకలు అందుకునేవి. కుందేళ్లు, కోతులు, ఆఖరికి కాకులు కూడా గొంతు కలిపేవి. పాట ఇది:

అడుగూ అడుగూ రాతి మీద,
నీడా నీడా నీటి మీద,
ఏరూ ఏరూ ఎంత దూరం?
గట్టూ వచ్చె, గట్టూ వచ్చె.

మూడో పాదం తర్వాత ఒక చిన్న ఖాళీ ఉండేది. నాలుగు దరువు దెబ్బలంత ఖాళీ. అక్కడ ఎవరూ ఏమీ పాడేవాళ్లు కాదు. ఉడుత చెవి గోక్కునేది. జింక ఇంకో గడ్డిపరక కొరికేది. ఆ తర్వాత అందరూ కలిసి 'గట్టూ వచ్చె' అనేవాళ్లు. ఎందుకలా ఆగుతారని అడిగితే, మా అమ్మ అలాగే ఆగేదని చెప్పేవాళ్లు.

ఆ పాటకు ఒక పని కూడా ఉంది. ఏటా వానలు ముదిరాక ఏరు పొంగి ఇవతలి పల్లపు గట్టు మునిగిపోతుంది. ఆలోపే జంతువులన్నీ దాటురాళ్ల మీదుగా అవతలి మిట్టకు చేరాలి. మంచులో ముందున్న రాయి కూడా సరిగా కనబడదు. అందుకని పాట పాడుతూ, దరువుకో అడుగు వేస్తూ, వరుసగా దాటుతారు. ముందు ఒకరు పాట ఎత్తుకుంటారు. ఎన్నో ఏళ్లుగా ఎత్తుకుంటున్నది గంగన్న అనే ముసలి కొంగ.

ఆ ఏడు గంగన్నకు పాడే గొంతు పోయింది. చెవులూ మందగించాయి. రెక్కల్లో సత్తువ తగ్గింది. ఆయన గోరువంకను పిలిపించాడు.

గోరువంక పేరు రంజని. అడవిలో అంత తీయని గొంతు ఇంకొకటి లేదు. ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది కూడా రంజనికే. అయినా పొగరుబోతు కాదు పాపం. పాటంటే దానికి ప్రాణం. రాత్రి నిద్రలో కూడా దాని కాలి వేళ్లు కొమ్మ మీద దరువు వేసేవి. ఈసారి పాట ఎత్తుకోవలసింది నువ్వేనని గంగన్న చెప్పగానే దాని గుండె ఝల్లుమంది. తను తప్పు పాడితే ఎవరి అడుగైనా తప్పుతుంది. ఆ భయం కూడా దానికి కలిగింది.

గంగన్న ఇంకో మాట కూడా అన్నాడు.

"పాట సగం నా దగ్గరుంది అమ్మాయ్, సగం ఏట్లో ఉంది. రేపు పొద్దున నాతో నీళ్లలో దిగి నిలబడు. మిగతా సగం వినిపిస్తాను."

సరే తాతా అంది రంజని. కానీ దాని మనసు అప్పుడే వేరే చోట తిరుగుతోంది. అడవంతా నోరారా పాడుకునే ఈ పాటలో అంత గొప్ప ఏముంది? అది పట్టుకుంటే చాలు, ఇంకెప్పుడూ తప్పు పాడను అనుకుంది.

అలా బయలుదేరి మొదట వడ్రంగిపిట్ట దగ్గరికి వెళ్లింది. వడ్రంగిపిట్ట మాను మీద టకటకమని కొట్టి చూపించింది. గొప్పంతా దరువులోనే ఉందట. మెల్లగా నడిచేవాడి అడుగు ఎలా పడుతుందో, నిద్రపోయే పిల్ల గుండె ఎలా కొట్టుకుంటుందో, ఈ పాట దరువు అలాగే పడుతుందట. అందుకే వినగానే ఒళ్లు దానంతటదే ఊగుతుందట.

తర్వాత కోయిల దగ్గరికి వెళ్లింది. దరువుదేముంది, ఎండుకొమ్మ విరిగినా దరువే అని కోయిల ముక్కు విరిచింది. గొప్పంతా 'ఎంత దూరం' అన్న చోట ఉందట. పాట అంతా నేల మీద నడిచి నడిచి అక్కడ ఒక్కసారే పైకి ఎగురుతుందట. రెండుసార్లు ఎగిరితే చెడేదే. ఒక్కసారే ఎగురుతుంది కనుక లోపల ఎక్కడో తీపిగా నొప్పి పెడుతుందట.

మూడోసారి తుమ్మెదను అడిగింది. తుమ్మెద చాలాసేపు ఝుమ్మని, చివరకు ఒక మాట చెప్పింది. పాట ఏ స్వరం దగ్గర బయలుదేరిందో, అంతా తిరిగి మళ్లీ అక్కడికే వస్తుంది. 'గట్టూ వచ్చె' అనేసరికి ఇంటికి వచ్చినట్టు ఉంటుంది. పైగా ఉన్నవి ఐదే స్వరాలు. కాకి కూడా పాడగలదు.

ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకోకండి. ముగ్గురూ చెప్పింది నిజమే. రంజనికీ అలాగే అనిపించింది. అది ఏటి ఒడ్డున ఎత్తైన బండ మీద కూర్చుని, గురివింద గింజలు ఏరి తెచ్చి, పాటను బండ మీద పరిచింది. స్వరానికో గింజ. పై స్వరానికి గింజ పైన, కింది స్వరానికి కింద. మంచులో తడిసి ఆ ఎర్రని గింజలు మెరుస్తుంటే, పాట తన కళ్లముందు నిద్రపోతున్నట్టు అనిపించింది. దరువు కనబడింది. ఎగిరిన చోటు కనబడింది. తిరిగి వచ్చిన దారి కనబడింది. ఎంత అందంగా ఉందో అని దానికి కళ్లు చెమర్చాయి.

అప్పుడే ఆ ఖాళీ కూడా కనబడింది. మూడో పాదం తర్వాత ఒక్క గింజ కూడా లేని చోటు. అక్కడ వట్టి బండ.

రంజని అటు నుంచి చూసింది, ఇటు నుంచి చూసింది. అంత చక్కని పాటలో ఈ చిరుగేమిటి? ఎప్పుడో ఏ ముసలి కొంగకో అక్కడ ఊపిరి అందక ఆగి ఉంటుంది. మిగతావాళ్లు దాన్నే పట్టుకున్నారు. అంతే అయి ఉంటుంది అనుకుంది.

మర్నాడు పొద్దున గంగన్న మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఎదురుచూశాడు. రంజని రాలేదు. చలినీళ్లలో రెక్కలు తడుపుకుని ఏం నేర్చుకోవాలి? తను లేకపోతే గాలికి గింజలు చెదిరిపోవూ? ఆ రోజంతా బండ మీదే కూర్చుని, ఆ ఖాళీలో సరిపోయే నాలుగు స్వరాలు వెతికింది. సాయంత్రానికి దొరికాయి. సన్నని మెలిక అది. తీగ కొసలా చుట్టుకుని జారుతుంది. గంగన్న ఇంకో రెండు రోజులు చూశాడు. పిల్లకు తెలిసే ఉంటుందిలే అనుకుని, వరద ముదరకముందే మెల్లగా ఎగిరి అవతలి గట్టుకు వెళ్లిపోయాడు.

రంజని కొత్త పాట వినిపించింది. అడవి మురిసిపోయింది. జింకపిల్లలు ఆ మెలికను మళ్లీ మళ్లీ పాడించుకున్నాయి. కోయిల కూడా మారు మాట్లాడలేదు. అందరూ విన్నారు, ఒక్క ముళ్లపంది అవ్వ కందమ్మ తప్ప. కందమ్మ పగలంతా బొరియలో పడుకుంటుంది. పొద్దు వాలాక లేచి కందగడ్డలు తవ్వుకుంటుంది. అప్పటికి పాటలన్నీ అయిపోతాయి.

ఏరు పొంగడం మొదలైంది. దాటవలసిన పొద్దు వచ్చింది.

మంచు ఎంత దట్టంగా ఉందంటే, నీళ్లేవో ఆకాశమేదో తెలియలేదు. కొండడు అనే అడవిదున్న అందరికంటే ముందు దిగాడు. అతని కొమ్ము మీద రంజని కూర్చుంది. వెనకాల వరుసగా జింకలు, కుందేళ్లు, కోతులు. అందరికంటే వెనక కందమ్మ. ఆమె ఎప్పుడూ ఆఖరే. అవ్వ మీద ప్రేమ లేక కాదు. ముళ్లు గుచ్చుకుంటాయని ఆమెను ఆనుకుని నడవడానికి అందరికీ భయం. ఆమెకూ అది తెలుసు. అందుకని తనే నాలుగు రాళ్లు ఎడంగా నడిచేది.

రంజని పాట ఎత్తుకుంది. అడుగూ అడుగూ రాతి మీద. మంచులో గిట్టల చప్పుడు ఒక్కటిగా పడింది. పాట నీళ్ల మీద తేలుతూ పోయింది. నడుస్తున్నది తామో, రాళ్లే కదులుతున్నాయో తెలియనంత హాయిగా ఉంది. 'ఎంత దూరం' అని పాట ఎగరగానే, రంజని కళ్లు మూసుకుని తన మెలికను జారవిడిచింది. వెనకాల అందరూ అందుకున్నారు. ఎక్కడా ఆగకుండా, ఎక్కడా చిరుగు లేకుండా పాట సాగింది. తన జన్మ ధన్యమైందని రంజని అనుకుంది.

అవతలి గట్టు చేరారు. గంగన్న ఒక్కొక్కరినీ తడిమి చూశాడు. ఆఖరి కోతి ఎక్కాక కూడా ఆయన మెడ సాచి నీళ్లవైపే చూస్తున్నాడు.

"కందమ్మ ఏదీ?" అన్నాడు. "ఆమె ఊ కొట్టడం ఎక్కడ ఆగింది అమ్మాయ్?"

"ఊ ఏమిటి తాతా?" అంది రంజని.

గంగన్న దాని ముఖంలోకి చూశాడు. ఆయనకు అర్థమైంది. కోపం తెచ్చుకోలేదు. మెల్లగా చెప్పాడు. మూడో పాదం తర్వాత అందరం ఆగుతాం. ఆ ఖాళీలో అందరికంటే వెనకున్నవాళ్లు ఊ అంటారు. పాట ఎత్తుకున్నవాడు ఆ ఊ విన్నాకే 'గట్టూ వచ్చె' అంటాడు. వినబడకపోతే పాట సాగదు, వరుస కదలదు. గట్టు మీద వెనకబడేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి అక్కడ అది తెలియదు. దాటేవాళ్ల ధ్యాసంతా అడుగు మీదే ఉంటుంది, నీళ్లలో నిలబడి చెవి పెడితేనే తెలుస్తుంది.

అవ్వ కోసం జంతువులన్నీ ఒక్కసారిగా అరవసాగాయి. ఎవరి అరుపు ఎవరిదో తెలియకుండా పోయింది. గంగన్న రెక్క ఎత్తి అందరినీ ఆపాడు. రంజని ఒక్కటే మంచులోకి ఎగిరిపోయింది.

నీటికి జానెడు ఎత్తున ఎగురుతూ పాట ఎత్తుకుంది. గొంతు వణికింది. దరువు తప్పింది. 'ఏరూ ఏరూ ఎంత దూరం' అని, నోరు మూసుకుని విన్నది. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఇంకా వెనక్కి వెళ్లి మళ్లీ పాడింది. మళ్లీ ఆగింది. ఏదో దుంగ రాయిని కొట్టుకుంటున్న చప్పుడు. అంతే. ఆ నాలుగు దెబ్బల ఖాళీ అంత పెద్దదని రంజనికి అప్పుడు తెలిసింది. తను బండ మీద చూసి చిరుగనుకున్నది ఇదేనా అని ఏడుపు పొంగుకొచ్చింది. ఏడిస్తే వినబడదని మింగేసింది.

మూడోసారి పాడి ఆగింది. కుడివైపు, నీళ్లకు దగ్గరగా, సన్నగా, "ఊ."

రంజని ఆ చప్పుడు వైపు దూకినట్టు వెళ్లింది. దాటురాయి పక్కన కొట్టుకొచ్చిన తీగల గుబురులో కందమ్మ ముళ్లు చిక్కుకుని ఉన్నాయి. నీళ్లు మెడదాకా వచ్చాయి. రంజని తడిరాయి మీద వాలి, అలలు రెక్కల్ని తడిపేస్తున్నా కదలకుండా పాడుతూనే ఉంది. ప్రతిసారీ ఆగుతూనే ఉంది. ఆ పాట పట్టుకుని కొండడు మంచులో దారి చేసుకుంటూ వచ్చాడు. తీగలు తెంచి అవ్వను వీపు మీద ఎక్కించుకున్నాడు. ముళ్లు గుచ్చుకుంటున్నాయేమో నాయనా అని కందమ్మ నొచ్చుకుంది. గుచ్చుకోనీలే అవ్వా, నువ్వు గట్టిగా పట్టుకో అన్నాడు కొండడు.

గట్టెక్కాక కందమ్మను ఎండలో కూర్చోబెట్టారు. రంజని తడిరెక్కలతో ఆమె ముందు నిలబడింది. తప్పయిపోయింది అవ్వా అంది.

కందమ్మ తల ఎత్తింది.

"ఆ మెలిక చాలా బాగుంది తల్లీ. నాకూ నచ్చింది. నాలుగుసార్లు ఊ అన్నాను. నాలుగుసార్లూ నా ఊ దాని కింద పడిపోయింది" అంది.

రంజని అప్పుడు ఏడ్చింది. కందమ్మ ముళ్లు ముడుచుకుని, దగ్గరికి రమ్మని పిలిచింది. గోరువంక ఆమె పక్కన ఒదిగి కూర్చుంది. వెనక ఎవరో మెల్లగా పాట మొదలుపెట్టారు. మూడో పాదం తర్వాత అడవి అంతా ఆగి ముసలామె వైపు చూసింది.

నీతి: గొప్ప పాట అందరికంటే వెనకున్నవారికి కూడా చోటు ఉంచుతుంది. పదిమందిదైన దాన్ని దిద్దబోయే ముందు, అందులోని ఖాళీ ఎవరి కోసమో అడిగి తెలుసుకోవాలి.