రాజుగారి గంజాయి మడి

వైద్యుడు ఒక గంజాయి మొక్క నుంచి తీసిన తైలం రాజు మోకాళ్ళ నొప్పికి బాగా గుణమిచ్చింది. రాజు దాని విత్తనాలు తోటమాలి గవరయ్యకిచ్చి, అచ్చం అలాంటి మొక్కలే మడినిండా పెంచమన్నాడు. తీరా పెరిగాక సగం పనికిరాని పోతు మొక్కలు. మిగిలినవి ఒకదాన్ని పోలి ఒకటి లేవు.

"తల్లి పోలిక లేదంటే నువ్వు విత్తనాలు మార్చావన్నమాట. వీడి తల తీయండి," అన్నాడు రాజు నిండు సభలో.

"చిత్తం ప్రభూ. రాకుమారులు ముగ్గురిలో ఒక్కరికీ తమరి పోలిక లేదు. దానికి ఎవరి తల తీయిస్తారు?" అని అడిగాడు గవరయ్య.

రాణి చేతిలోని విసనకర్ర జారిపడింది. తలారి ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండిపోయింది.

"విత్తనం వేస్తే ఏది పుడుతుందో దేవుడికే తెలియాలి. అచ్చం తల్లే కావాలంటే కొమ్మ కోసి నాటాలి," అన్నాడు గవరయ్య.

రాజు చాలాసేపు కొడుకులవైపే చూశాడు. తర్వాత తలారి కత్తి గవరయ్యకిప్పించి, "పో, వెళ్ళి కొమ్మ కొయ్యి" అన్నాడు.