తిరగలి పిడి

పరాంకుశంగారిని సందేహం అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. శిష్యుల్లో నడివయసువాడైన భావనారుషికి ఆ సంగతి బాగా తెలుసు. అయినా గత్యంతరం లేక అడిగాడు.

“పెద్దల వస్తువును ఉన్నదున్నట్టు దాచుకోవాలా, బాగుచేయించి వాడుకోవాలా గురువుగారూ?”

వస్తువు అతని తల్లి తిరగలి. ఆమె చివరి రోజుల్లో గింజను బద్దచేసే గంట్లు అరిగిపోయి రాళ్ళు నున్నబడ్డాయి. ఆమె పోయాక, గంట్లు కొట్టించి ఇమ్మనీ, పప్పు విసురుకుంటే అమ్మ దగ్గరున్నట్టుంటుందనీ చెల్లెలు సౌభాగ్యం అడిగింది. అమ్మ చేతి అరుగుదల మీద ఉలి పడనివ్వనని ఇతను భీష్మించుకున్నాడు. మాటా మాటా పెరిగింది. ఇక పుట్టింటి గడప తొక్కనని ఆమె వెళ్ళిపోయి ఏడాదైంది. ఆ దిగులు అతన్ని లోలోపల తినేస్తోంది, పంతం మాత్రం వదలదు.

“తిరగలి తీసుకురా. తిరగలి పనిమీద నేను రమ్మన్నానని మీ చెల్లెలికీ కబురుపెట్టు. నాకు పెసరపప్పు కావాలి,” అన్నారు గురువుగారు.

పెద్దాయన మాట కాదనలేక ఇద్దరూ వచ్చి, ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. పరాంకుశంగారు సోలెడు పెసలు ముందు పెట్టారు. భావనారుషి చెమటలు కక్కుతూ విసిరాడు. పోసిన గింజ పోసినట్టే కిందికి జారింది. ఒక్కటంటే ఒక్కటి బద్ద కాలేదు.

“అమ్మయితే ఏటేటా గంట్లు కొట్టించేది,” అంది సౌభాగ్యం గోడకేసి చూస్తూ.

“మీ అమ్మ చెయ్యి దీనిమీద ఎక్కడ ఉండేది నాయనా?” అని అడిగారు గురువుగారు.

ఇదేం ప్రశ్న అన్నట్టు అతను పిడి పట్టుకుని చూపించాడు. చూపించిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. అది కొత్త టేకు పిడి. తిరగలిని హాల్లో పెట్టేముందు, చూడ్డానికి బాగుంటుందని తనే వేయించాడు. పాతది వదులైందని నీళ్ళపొయ్యి దగ్గర కట్టెల్లో పడేశాడు. రాయిని అరగదీసింది రాయే. అమ్మ చేతికి అరిగింది ఆ కర్ర ఒక్కటే. అతనికి ఏడుపొచ్చింది.

సౌభాగ్యం సంచిలోంచి చిన్న కర్రముక్క తీసి అన్న ముందు పెట్టింది. బొటనవేలు ఆనే చోట గుంట పడి ఉంది.

“వెళ్ళిపోయిన రోజున ఆ కట్టెల్లోంచి ఏరుకున్నాను అన్నయ్యా. నువ్వు అడుగుతావేమోనని చూశాను.”

అతను టేకు పిడి ఊడబెరికి పాతది దూర్చాడు. అది వదులుగా ఊగింది. సౌభాగ్యం తల్లి చేసినట్టే గుడ్డపీలిక చుట్టి బిగించింది.

పరాంకుశంగారు చెదిరిన పెసలు చేటలోకి ఎత్తుకుంటూ, “గింజలేమీ చెడలేదు. ఇద్దరూ వెళ్ళి గంట్లు కొట్టేవాణ్ణి పిలుచుకురండి. నా పప్పు సంగతి మరిచిపోయారు,” అన్నారు.