గవరమ్మ వాడి చూసిన చోటు

తన ఇంట్లో ఉన్నంత తెలివి ఊళ్ళో ఇంకెవరింట్లోనూ లేదని గవరమ్మకు గట్టి నమ్మకం. వానొస్తే గొడుగు తడిసిపోతుందని దాన్ని చొక్కాలో దాచుకుని ఇంటికొచ్చే కొడుకులు ఎందరికి పుడతారు చెప్పండి? ఆవిడకు ఇద్దరు పుట్టారు. పెద్దవాడు అప్పన్న, చిన్నవాడు తవుడు.

అంత తెలివి గనకే, భర్త సూరయ్య పోయినప్పుడు, ప్రశాంతి తోట అనే ప్రైవేటు శ్మశానంలో ఆయన పక్క చోటు తనకోసం ముందే కొనిపెట్టుకుంది. నలభై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషికి ఆ తర్వాత మాత్రం దూరంగా ఉండడమెందుకు?

ఒకరోజు పూలు పెట్టడానికి వెళ్తే, ఆ చోట్లో ఎవరిదో పేరు చెక్కిన రాయి ఉంది! మనిషి ఇంకా రాలేదు, రాయి మాత్రం వచ్చేసింది. గవరమ్మ తిన్నగా తోట మేనేజరు గదికి పోయింది.

"ఏటయ్యా మేనేజరూ, నా సోటు ఇంకొకలకి అమ్మేసినావా?"

"గొడవెందుకమ్మా, ఆ చివర మూలలో ఇంకోటిస్తాలే."

"మూలకెల్తే మా ముసలోడికి నా మాట ఇనపడతాదా? అసలే సెవుడు!"

మేనేజరు నవ్వాడు. గవరమ్మకు ఏడుపొచ్చింది. అంతే, తల్లీకొడుకులు ముగ్గురూ శ్మశానాల మీద అజమాయిషీ చేసే సర్కారు ఆఫీసుకు పోయారు. అక్కడి ఆఫీసరమ్మ మంచిది. "చోటు మీదేనని రుజువు పట్టుకురండి" అంది.

ఇంకేముంది! కొడుకులిద్దరూ ఆ చోటు నిలువునా తవ్వి, ఆరు గంపల మట్టి తెచ్చి ఆవిడ బల్ల మీద కుమ్మరించారు.

"వాసన సూడండమ్మా, అచ్చం మా నాన్న పక్క మట్టే" అన్నాడు అప్పన్న.

ఆఫీసరమ్మ నాలుగు తుమ్ములు తుమ్మి, "రుజువంటే రసీదు నాయనా!" అంది. రసీదు తవుడి జేబులోనే ఉంది. ఎవరూ అడగలేదని వాడు తీయలేదు.

"రేపు పొద్దున్నే తనిఖీకి వస్తాను. నేను వచ్చేసరికి అక్కడ ఏదీ కదలకూడదు."

తెల్లారేసరికి తవుడు ఆకు కదలకుండా వేపచెట్టును వాటేసుకున్నాడు. అడుగేయబోయిన మేనేజరును అప్పన్న ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబెట్టేశాడు. అంతలో ఆఫీసరమ్మ గేట్లో అడుగుపెట్టింది.

"కదలకండి! ఆఫీసరమ్మ ఆర్డరు!" అని అరిచాడు అప్పన్న.

"ఆ ఆఫీసరమ్మని నేనే!"

"మరైతే మీ మాట మీరే తప్పుతారేటి?"

పాపం ఆవిడ గేట్లో అరగంట నిలబడింది. చివరికి గవరమ్మే జాలిపడి రమ్మంది. ఆఫీసరమ్మ రసీదు చూసింది, తోట రిజిస్టరు చూసింది, మేనేజరుకు చీవాట్లు పెట్టింది. ఆ రాయి తీయించి, చోటు గవరమ్మదేనని రాసిచ్చింది. వెళ్తూ వెళ్తూ ఒక కాగితం చేతిలో పెట్టింది.

"చోటు వాడాక ఎలా ఉందో ఇందులో రాసి, ముప్పై రోజుల్లో పంపండి. అందరికీ ఇచ్చేదే. పంపకపోతే ఫిర్యాదు కొట్టేస్తారు."

గవరమ్మ ముప్పై రోజులూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"అమ్మా, ముప్పై రోజుల్లో పోగలవేటే?" అని అడిగాడు అప్పన్న.

"ఎలాగరా? ఆవకాయ పెట్టాల, తవుడికి పిల్లని సూడాల..."

ముగ్గురూ తలలు పట్టుకుని ఆలోచించారు. తెలివికి ఏమన్నా లోటా! తవ్విన గొయ్యి ఎలాగూ ఉంది. మధ్యాహ్నం భోంచేసి, తలగడ తీసుకుని, గవరమ్మ అందులోకి దిగింది. సూరయ్య వైపు తిరిగి ఆవకాయ సంగతీ, పిల్ల సంగతీ గట్టిగా చెప్పింది. చెబుతూ చెబుతూ కునుకు తీసింది. ఆయన పోయాక అంత హాయిగా నిద్రపట్టడం అదే మొదలు.

సాయంత్రం గొయ్యి పూడ్పించడానికి వచ్చిన మేనేజరు, గవరమ్మ ఆవలిస్తూ లేచి కూర్చోవడం చూసి, ఒక చెప్పు వదిలేసి పరుగెత్తాడు.

గవరమ్మ మాత్రం జుట్టు ముడేసుకుని, కాగితం మీద తవుడి చేత రాయించి వేలిముద్ర వేసింది:

"సోటు సల్లగా ఉంది. పక్కనున్నాయన గురక మానేసినాడు. అంతా బాగుంది. మల్లీ వస్తాను."