మూడు గరిటెల అన్నం

వండిన అన్నం ఎటు పోతోందో నందిసేనుడికి అంతు చిక్కలేదు.

కృష్ణ ఒడ్డున కొండ మీద ఎనిమిది వందల మంది చదువుకునే విహారం అది. అక్కడి భోజనశాల పెత్తనం నందిసేనుడిది. మనిషి మహా నిక్కచ్చి. ఏడాది కిందట పెత్తనం చేతికి రాగానే ‘నాకు కొంచెం’, ‘నాకు ఇంకొంచెం’ అనే గోలంతా ఒక్క రోజులో మాన్పించేశాడు. ఎవరికైనా మూడు గరిటెలు. బంతిలో కూర్చున్నాక మాట లేదు, సైగ లేదు, అందరికీ వడ్డన అయ్యేదాకా చేతులు ఒళ్లోంచి లేవకూడదు. పాత్రలో మెతుకు మిగిల్చినవాడికి మర్నాడు పస్తు.

భోజనాలయ్యాక గుమ్మంలో తనే నిలబడి ఒక్కో పాత్రా వంచి చూసేవాడు. ఒక్కదానిలోనూ మెతుకు ఉండేది కాదు. మీసం ఉంటే మెలేసేవాడే. భిక్షువు కాబట్టి గుండు తడుముకుని ఊరుకునేవాడు.

అలాంటిది, ఓ ఉదయం కొండ కింది పల్లె నుంచి పోలి అనే ముసలామె కుండతో పైకొచ్చింది. కుండ తెచ్చి అతని కాళ్ల ముందు దించింది. నీళ్ల మీద ఉబ్బిన మెతుకులు తేలుతున్నాయి. పుల్లటి కంపు గుప్పుమంది.

“మా ఊటనీళ్లు సామీ. మీ కొండ మీంచి పడే కూడే ఇదంతా. మా వాడలో ముగ్గురు వాంతులతో మంచాన పడ్డారు. పున్నమి దాకా చూస్తాం. అప్పటికీ ఇలాగే ఉంటే ఇక మా గింజలు మీ గాదెలోకి రావు.”

పున్నమి ఇంకా ఆరు రోజులుంది. గాదెలో ధాన్యం పది రోజులకు మించి లేదు. నందిసేనుడి తల కొట్టేసినట్టయింది.

ఆ మధ్యాహ్నం అతను గుమ్మం దగ్గర నిలబడలేదు. కొండ వెనకాల, లోయ అంచున, పొద చాటున నక్కాడు. కాసేపటికి ఒకడు వచ్చాడు. అటూ ఇటూ చూసి, ఒంటి మీది కాషాయపు చీవరం కొంగున కట్టుకున్న మూట విప్పి లోయలోకి దులిపాడు. అన్నం.

నందిసేనుడు వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

దొరికినవాడు సువ్రతుడు. సింధువుకి అవతల, గోధుమలు పండే దేశం నుంచి నడిచి వచ్చినవాడు. తన దేశంలో దొరకని వైద్యగ్రంథం ఒకటి తాటాకుల మీద రాసుకోవడానికి వచ్చాడు. రెండేళ్లుగా రాస్తున్నాడు. ఇంక పదకొండు ఆకులు మిగిలాయి.

“ఎన్నాళ్ల నుంచి ఈ పని?”

“ఏడాది నుంచి.”

“ఎందుకు?”

“తినలేక.”

“తినలేనివాడివి అంత అన్నం ఎందుకు పెట్టించుకున్నావు?”

సువ్రతుడు అతని మొహంలోకి చూశాడు. ఖాళీ కొంగు దులిపి భుజాన వేసుకున్నాడు.

నందిసేనుడు ఆవేశంగా ఆచార్య పుణ్యవర్ధనుడి దగ్గరికి వెళ్లాడు. విహారానికి పెద్ద ఆయనే. చిరిగిన చాపకి ఈనెలు దోపుకుంటున్నారు.

“దొంగ దొరికాడు భంతే! రేపు అందరి ముందూ కాషాయం విప్పించి కొండ దింపెయ్యాలి. వాడొక్కడి మూలంగా పల్లెకి రోగం, మనకి ఆకలి.”

“పుస్తకం?”

“సగంలో ఆగితే ఆగుతుంది. అన్నం పారేసేవాడికి వైద్యం ఎందుకు?”

ఆచార్యులు ఇంకో ఈనె దోపారు.

“సరే. రేపు భోజనాలు కాగానే సభ పెట్టు. వడ్డన మాత్రం నేను చేస్తాను.”

మర్నాడు భోజనశాలలో గాలి కూడా మెసలడం లేదు. సంగతి అందరికీ తెలిసిపోయింది. బంతి చివర సువ్రతుడు కూర్చున్నాడు. తాటాకుల కట్ట పక్కనే పెట్టుకున్నాడు, అటునుంచి అటే పోవడానికి. మొదటి పీట మీద నందిసేనుడు.

ఆచార్యులు అన్నం గంప చంకన పెట్టుకుని మొదట నందిసేనుడి దగ్గరికే వచ్చారు. ఒక గరిటె పెట్టారు. రెండు. మూడు.

నందిసేనుడు కళ్లతోనే నమస్కరించాడు. గరిటె మళ్లీ గంపలోకి వెళ్లింది.

నాలుగు.

పెద్దాయన లెక్క మరిచిపోయారనుకున్నాడు. చెబుదామంటే మాట కూడదు. చెయ్యి కదపకూడదు. రెండు నియమాలూ తను పెట్టినవే.

అయిదు. ఆరు.

పాత్ర అంచు దాటి అన్నం గోపురంగా లేచింది. అంత అన్నం తను తినలేడు. మిగిల్చాడంటే ఎనిమిది వందల మంది చూస్తుండగా గుమ్మంలో దొరికిపోతాడు. ఆ క్షణాన, సిగ్గు విడిచి చెప్పాలంటే, అతని కళ్లు తన చీవరం కొంగు వైపు పోయాయి. ఎంత పడుతుందా అని చూశాయి.

ఏడో గరిటె పైకి లేచింది.

నందిసేనుడి చెయ్యి ఒళ్లోంచి లేచి పాత్రకి అడ్డం వచ్చింది. తను లేపాలనుకుని లేపింది కాదు.

శాలంతా చూసింది. గరిటె గాల్లోనే ఆగింది.

“నీ చెయ్యి చూస్తే ఆగాను,” అన్నారు ఆచార్యులు మెల్లగా. “లేకపోతే నాకెలా తెలుస్తుంది?”

గరిటె దించి అతని చేతిలో పెట్టి, గంప పక్కన దించి వెళ్లి తన పీట మీద కూర్చున్నారు.

నందిసేనుడు లేచాడు. తన పాత్రలో అన్నం ఇంకా ఎంగిలి కాలేదు. గరిటెతో సహా దాన్ని రెండు చేతులా పట్టుకుని, అందరినీ దాటుకుంటూ బంతి చివరికి నడిచాడు. సువ్రతుడి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“అన్నా,” అన్నాడు. ఏడాదిగా ఆ శాలలో భోజనం వేళ ఎవరినీ నోరు మెదపనివ్వనివాడు తనే అడిగాడు. “ఎంత పెట్టను?”

సువ్రతుడు తన పాత్ర ముందుకు జరిపాడు.

“ఒక్క గరిటె.”

ఒక్క గరిటే పెట్టాడు. పక్కవాడు అడగకముందే చెయ్యి అడ్డం పెట్టేశాడు, “రెండు చాలు” అంటూ. ఆ పక్కన ఓ బక్కపల్చటి కుర్ర భిక్షువు భయంభయంగా నాలుగు అడిగితే, పాత్రలోది చాలక నందిసేనుడు గంప తెప్పించుకున్నాడు. ఆ తర్వాత బంతి పొడుగునా చేతులే. ఒక్కో చెయ్యి లేచినప్పుడల్లా నందిసేనుడు దాని కిందున్న చీవరం కొంగు చూశాడు. నలిగి, మరకలు పడి ఉన్న కొంగులు. లెక్కపెట్టడం మధ్యలోనే మానేశాడు. కళ్లు నిండి, ఇక కనిపించలేదు.

సభ మాట ఎవరూ ఎత్తలేదు. సువ్రతుడు తాటాకుల కట్ట తీసుకుని తన గదికి వెళ్లిపోయాడు.

వంటవాడు తల గోక్కుంటూ వచ్చాడు. రోజూ ఖాళీ అయ్యే గంపల్లో ఇంకా మూడు నిండుగా ఉన్నాయి. నందిసేనుడు అప్పటికే ఒకటి నెత్తికి ఎత్తుకుంటున్నాడు, పోలి వాళ్ల వాడకి వేడి చల్లారకుండా చేర్చాలని.

“మరి రేపు ఎసట్లో ఎన్ని బియ్యం పొయ్యమంటారు సామీ?”

నందిసేనుడు గుమ్మం దగ్గర ఆగాడు.

“నాకు తెలీదు,” అన్నాడు. “వాళ్లని అడిగి చెబుతాను.”