చామంతి దండ వేసుకున్న ల్యాప్‌టాప్

దక్షిణామూర్తి మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు దొరకడం అరుదు. "పద, చూద్దాం" అని లేచి ఏదో ఒక పని పెడతారు. మౌనంగా బోధించిన దేవుడి పేరు పెట్టుకుని వాదనకు దిగితే బాగుండదనుకున్నారో ఏమో, పాతికేళ్లుగా అదే అలవాటు. కాకినాడలో వంతెన అవతల ఒక మేడ మీద ఆయన యానిమేషన్ నేర్పుతారు. శిష్యుల చేత బొమ్మ గీయించి, నడిపించి, వెలుగునీడలు కూర్చి సినిమాగా దింపించేదాకా వదలరు. ఆ ఆఖరి పనిని రెండర్ అంటారు. దాని బరువంతా కంప్యూటర్లోని ప్రాసెసర్ మీదే పడుతుంది. అక్కడ మాస్టారి నియమం ఒక్కటే: ఎవరి పొయ్యి మీద వాళ్లే వండుకోవాలి. ఒకరి కంప్యూటర్ మీద ఇంకొకరి పని పెట్టకూడదు.

ఆ విజయదశమి పొద్దున ఆయన్ని అడిగింది శిష్యురాలు సత్యవేణి.

"మాస్టారండీ, ఫణీంద్రన్నయ్య డెస్క్‌టాప్‌లో ఉన్న ప్రాసెసరూ, నా ల్యాప్‌టాప్‌లో ఉన్నదీ ఒకే కంపెనీవండి. పేరూ ఒకటే, వరసా ఒకటే, ఆఖరికి లోపల లెక్కలు కట్టే కోర్లు కూడా సమానమేనండి. మరి అన్నయ్య సినిమా ఎప్పుడూ ముందే దిగిపోద్ది, నాది సగంలో చతికిలబడిపోద్ది. నాది నకిలీదంటారా? లేకపోతే నాకే ఈ విద్య రాదంటారా?"

అది ఊసుపోక అడిగిన ప్రశ్న కాదు. సాయంత్రం మత్స్యకారుల సంఘం వాళ్లు తమ భవనం గోడ మీద శిష్యుల సినిమాలు వేస్తామన్నారు. సత్యవేణి తాత పోలయ్య వయసులో ఉండగా వేటకు వెళ్లి, తుఫానులో చిక్కి, పడవతో సహా తిరిగొచ్చాడు. ఆ వైనమే ఆమె బొమ్మలుగా గీసింది. తాత కూడా చూడటానికి వస్తున్నాడు. అంతకుముందు పండగలన్నిటికీ ఆమె పని గడువుకు దిగక గోడ ఎక్కలేదు. ఈసారి కూడా ఎక్కకపోతే ఈ విద్యకు దణ్ణం పెట్టేస్తానని ఇంట్లో చెప్పి మరీ వచ్చింది. చెప్పిందంటే చేసే పిల్ల.

మాస్టారు లేచారు. "పద, చూద్దాం."

ఆమె సినిమాలోంచి తుఫాను ఘట్టాన్ని తీసి రెండు కంప్యూటర్లలోనూ పెట్టించారు. నియమం పెట్టినాయనే ఇలా చేయడమేమిటని ఫణీంద్ర ఆశ్చర్యపోయాడు గాని, పరీక్ష కదా అని సరిపెట్టుకున్నాడు. అతను పెద్ద శిష్యుడు. తన డెస్క్‌టాప్‌ని ఒక్కొక్క భాగమూ కొని తెచ్చి స్వయంగా బిగించుకున్నాడు. దాన్ని గురించి చెప్పమంటే భోజనం కూడా మర్చిపోతాడు. మంచివాడే, కాకపోతే నోరు ఊరుకోదు.

రెండూ ఒకేసారి మొదలయ్యాయి. చిత్రమేమంటే, సత్యవేణి ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్‌తో సమానంగా ఉరికింది. ఒక దశలో వెంట్రుకవాసి ముందుకు కూడా వెళ్లింది. ఫణీంద్ర ముఖం పాలిపోయింది. అంతలో ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను ఈల వేయడం మొదలుపెట్టింది. తెర మీద పని ఎంతవరకు వచ్చిందో చూపే గీత నెమ్మదించి, నత్తనడక పట్టింది. డెస్క్‌టాప్ మాత్రం ఏమీ ఎరగనట్టు అదే వేగంతో వెళ్లి పని ముగించింది.

"ఆరంభశూరత్వం!" అని చప్పట్లు కొట్టాడు ఫణీంద్ర. "పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఊరికే అన్నారా చెల్లెమ్మా?"

సత్యవేణి కళ్లు తుడుచుకుని, ల్యాప్‌టాప్ మూయబోయింది. మాస్టారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు.

ముందురోజు ఆయుధపూజ. సత్యవేణి తన ల్యాప్‌టాప్‌ని సరస్వతిలా కొలిచింది. కింద ఎప్పుడూ వేసే పట్టు జాకెట్టు ముక్కే మడతపెట్టి పరిచింది, పైన పసుపు కుంకుమ దిద్దింది, చుట్టూ ఒత్తుగా చామంతి దండ చుట్టింది. పూజలో పెట్టినదానికి ఉద్వాసన చెప్పకుండా అలంకారం తీయకూడదని అమ్మ మాట. అందుకని ఆ పట్టుగుడ్డా ఆ దండా అలాగే ఉంచి తెచ్చి పరీక్షకు పెట్టింది. ఫణీంద్ర డెస్క్‌టాప్‌కి దక్కింది ఒక్క కుంకుమ బొట్టే. భక్తిలో అతనిది ఎప్పుడూ పొదుపే.

మాస్టారు దండ ముందువైపు నుంచి ఒక పువ్వు, వెనకవైపు నుంచి ఒక పువ్వు తుంచి ఆమె అరచేతిలో పెట్టారు. ముందుది నిగనిగలాడుతోంది. వెనకది కమిలిపోయి, పట్టుకుంటే వేడిగా ఉంది.

"దేవుడికి దండ మెడలో వేస్తాం. ముక్కుకు చుడతామా?" అని కాఫీ తాగడానికి వెళ్లిపోయారు.

సత్యవేణి ఆ వాడిన పువ్వుని చాలాసేపు చూసింది. తరవాత ఫణీంద్ర దగ్గరకు వెళ్లి, "అన్నయ్యా, నీ దాని తలుపు ఒకసారి తియ్యవా?" అంది. అతను గర్వంగా తీసి చూపించాడు. లోపల ప్రాసెసర్ నెత్తిన ఇడ్లీపాత్రంత లోహపు దిమ్మ, దానికి పెద్ద ఫ్యాను. కడుపునిండా కరెంటు తాగి, వేడినంతా హాయిగా బయటకు ఊదేస్తోంది. తన ల్యాప్‌టాప్‌లోనో, పలకంత మందాన ఇరుకు కాపురం, అరచేతిలో ఇమిడే ఫ్యాను. దానికి గాలి వచ్చే దారి పట్టుగుడ్డతో మూసింది, పోయే దారి పూలతో మూసింది. పాపం, అది కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంది. చేతకాక కాదు, బతకాలి కనుక.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండు అక్షింతలు చల్లి ఉద్వాసన చెప్పింది. దండ తీసి గుమ్మానికి కట్టింది. ల్యాప్‌టాప్‌ని రెండు పూజ పీటల మీద వారధిలా నిలబెట్టి, చార్జర్ తగిలించి, పూర్తి సినిమా పెట్టింది. డెస్క్‌టాప్‌ వేగం అందుకోలేదు, నిజమే. కానీ మధ్యలో చతికిలబడలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకు తాత పడవ ఒడ్డుకు చేరింది, సినిమా దిగిపోయింది. సత్యవేణి మేడంతా వినబడేలా కేక పెట్టింది.

పొద్దు గూకాక అందరూ సముద్రపు ఒడ్డునున్న సంఘం భవనానికి చేరారు. అక్కడ కొత్త చిక్కు వచ్చి పడింది. పండగకని గోడకు ముదురు నీలం రంగు వేయించారు! దాని మీద ఫణీంద్ర సినిమాలోని రాత్రి రేవూ కనబడలేదు, సత్యవేణి తుఫానూ కనబడలేదు. మాటలు వినిపిస్తున్నాయి, మనుషులు లేరు. వెనక ఎవరో, "ఇది రేడియోనా బాబూ?" అన్నారు. సంఘం పెద్ద వచ్చి, "జనం లేచిపోతన్నారు మాస్టారూ. ఇంక పాటలెట్టేత్తాం, ఏమీ అనుకోకండి" అన్నాడు.

"చీకటి ఘట్టాలకు వెలుగు పెంచి మళ్లీ దింపితే చాలు" అన్నాడు ఫణీంద్ర దిగులుగా. "నా డెస్క్‌టాప్‌కి చిటికెలో పని. కానీ అది మేడ మీద ఉంది. వంతెన మీదేమో అమ్మవారి ఊరేగింపు."

సత్యవేణి అప్పటికే సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసింది. ఒడ్డున బోర్లించి ఉన్న చేపల గంప ఒకటి లాక్కొచ్చి, సముద్రపు గాలి నేరుగా తగిలేచోట పెట్టి, దాని మీద ల్యాప్‌టాప్ నిలిపింది. గంప సందుల్లోంచి గాలి కిందనుంచి తన్నుకొస్తోంది. మైకుసెట్టు అతన్ని బతిమాలి ప్లగ్గు సంపాదించింది. ఉప్పుగాలి కంప్యూటర్లకు మంచిది కాదని తెలిసినవాళ్లు అక్కడ ఇద్దరు ముగ్గురున్నారు. ఆ పూటకి ఎవరూ నోరు మెదపలేదు.

సినిమా మొత్తం జోలికి పోకుండా చీకటి ముక్కలు మాత్రమే తీసి వెలుగు పెంచింది. వెళ్లిపోబోయిన జనం ఆమె చుట్టూ మూగారు. గాలికి అడ్డం నిలబడితే, "జరగండి, దానికి ఊపిరాడాలి!" అని కసిరింది. తెర మీది గీత ఆగలేదు, చివరిదాకా ఉరికింది. తన సినిమా దిగీ దిగగానే వెనక్కి చూసి, "అన్నయ్యా, నీ పెన్‌డ్రైవ్ ఇలా ఇయ్యి" అంది.

ఫణీంద్ర నియమం తలుచుకుని బిక్కమొహంతో మాస్టారి వైపు చూశాడు. మాస్టారు ఉన్నట్టుండి సముద్రం వైపు తిరిగి, అలలు చూడటంలో మునిగిపోయారు.

ఆ రాత్రి నీలం గోడ నిజంగానే సముద్రమైంది. పడవ అలల మీద లేవగానే పోలయ్య తాత కుర్చీలోంచి లేచాడు. "అదిగోరా నా పడవ! తెడ్డెయ్యండ్రా, తెడ్డెయ్యండి!" అని అరిచాడు. ఊరు ఊరంతా తెడ్డేసింది. పడవ ఒడ్డుకు తగిలేసరికి ఈలలతో, చప్పట్లతో రేవు దద్దరిల్లిపోయింది. తాత మనవరాలిని దగ్గరకు లాక్కుని, "మళ్లీ పండక్కి మీ నాయనమ్మ కథ తియ్యాలే అమ్మడూ" అన్నాడు. విద్యకు దణ్ణం పెట్టేస్తానన్న పిల్ల, "అలాగే తాతా" అని తల ఊపింది. ఆ తరవాత ఫణీంద్ర రేవు పడింది. దానికీ చప్పట్లు తక్కువేమీ కాలేదు.

ఇంటికి బయలుదేరుతుండగా ఫణీంద్ర ఉండబట్టలేక అడిగాడు.

"పొద్దున నాది గెలిచింది, సాయంత్రం చెల్లెమ్మది గెలిచింది. ఇంతకీ ఏ ప్రాసెసర్ గొప్పదంటారు మాస్టారూ?"

సత్యవేణి కూడా ఆగింది. ఇంకా వెచ్చగా ఉన్న ల్యాప్‌టాప్ ఆమె గుండెలకు హత్తుకుని ఉంది. మాస్టారు ఖాళీ గంపని యథాస్థానంలో బోర్లించి, చేతులు దులుపుకున్నారు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రెండూ ఒక్కరే గెలవాలన్నారట్రా?"