హుసేన్‌బీ కొన్న ఫోను

ఎవరైనా ప్రశ్న వేస్తే సీతాపతి మాస్టారు వెంటనే జవాబు చెప్పరు. ముందు ఏదో ఒక పని చెబుతారు. అది ముగించుకుని వచ్చేసరికి అడిగినవాళ్ళలో సగం మంది ప్రశ్న మరిచిపోతారు, మిగతావాళ్ళకి మళ్ళీ అడిగే అవసరం ఉండదు. నరసరావుపేటలో ఆయన దగ్గర చేరే మా అందరికీ ఇది అనుభవమే.

ఒక గురువారం సత్సంగం అయ్యాక కామేశం అడిగాడు.

"మాస్టారూ, ఎదుటివాళ్ళ బాధ వినే అర్హత మనిషికి ఎప్పుడొస్తుంది?"

అడగడానికి కారణం ఉంది. ఊరూరి నుంచి జనం తమ కష్టాలు మాస్టారి ఫోనుకు వాయిస్ మెసేజ్‌లుగా పంపుకుంటారు. అవి విని మాస్టారి చెవిన వేయడం కామేశం పని. ఇక జవాబులు కూడా తానే చెప్పవచ్చని అతనికి అనిపిస్తోంది. కరెంటాఫీసులో ముప్పై ఏళ్ళు జనం గోడు విన్న మనిషి, ఆ మాత్రం అనిపించడంలో వింత లేదు.

"నాకు కొత్త ఫోను వచ్చిందిగా. పాతది అమ్మేసి రా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు మాస్టారు.

కామేశం జాగ్రత్తపరుడు. ఫోటోలు తీసి పాత వస్తువులమ్మే యాప్‌లో పెట్టాడు. ఎవడో కోడ్ పంపి, స్కాన్ చేస్తే డబ్బు పడుతుందన్నాడు. డబ్బు తీసుకునేవాడికి స్కాన్ ఎందుకని అతన్ని అక్కడే ఆపేశాడు. కొరియర్‌లో పంపమన్నవాళ్ళకి దణ్ణం పెట్టాడు. చివరికి చిలకలూరిపేటలో బట్టలు కుట్టుకునే హుసేన్‌బీ అనే ఆవిడ కొంటానంటే, ఇంటికి పిలవకుండా పట్టపగలు బస్టాండు క్యాంటీన్‌కి రమ్మన్నాడు. డబ్బు ఖాతాలో పడ్డాకే ఫోను చేతికిచ్చాడు. అది సీతాపతి మాస్టారు వాడిన ఫోనని కాస్త గొప్పగా చెప్పాడు కూడా. ఇల్లు చేరగానే ఆవిడ నంబరుతో సహా ఆ యాప్ తీసేశాడు, రేపు ఎవరూ విసిగించకుండా.

ఇదంతా విని మాస్టారు, "లోపలివన్నీ చెరిపావుగా?" అన్నారు.

"లేదు మాస్టారూ. మీ ప్రవచనాలు రెండొందలున్నాయి అందులో. కొన్నావిడకి ప్రసాదంలా ఉంటాయని ఉంచేశాను."

ఇలాంటి పొరపాటు మా సత్సంగం వాళ్ళకే సాధ్యం. ప్రవచనాలతో పాటు జనం గొంతులూ వెళ్ళిపోయాయి. అందులో సుభద్రది ఉంది. భర్త దెబ్బలకు తాళలేక ఇల్లు విడిచి, ఎక్కడ తలదాచుకుందో గది నంబరుతో సహా మాస్టారికి చెప్పుకున్న పిల్ల. ఆమె కోసం గాలిస్తున్న ఆ భర్తది చిలకలూరిపేటే. దూరం నుంచే అన్నీ చెరిపే వీలుందట గానీ, దానికి కావలసిన పాస్‌వర్డ్ కామేశం ఆ ఫోన్లోనే రాసి పెట్టుకున్నాడు.

మాస్టారు వెంటనే సుభద్రకు ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పి, గది మారమన్నారు. "మళ్ళీ ఎక్కడికి పోను మాస్టారూ?" అంది ఆ పిల్ల. ఆ మాట పక్కనున్న కామేశానికి వినబడింది. హుసేన్‌బీని వెతుక్కుంటూ చిలకలూరిపేట వెళ్ళి సాయంత్రం దాకా కుట్టుమిషను చప్పుడు వినబడ్డ ప్రతి గుమ్మం ముందూ ఆగాడు. ఆవిడ దొరకలేదు.

మర్నాడు పదింటికి ఆవిడే మాస్టారింటికి వచ్చింది, పని మానుకుని, రెండు బస్సులు మారి.

"పాటలనుకుని నొక్కాను అన్నా. ఎవరో ఆడకూతురు ఏడుస్తా 'మాస్టారూ' అంది. ఆ ఒక్క మాటే. ఆపేశా. ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనీలేదు. నేనే చెరిపేద్దును గానీ, అవి మీకు ఇంకోచోట ఉన్నాయో లేదోనని తెచ్చా."

కామేశానికి కొంగు లేదు గనక తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చాడు. ఆవిడే అతని పక్కన కూర్చుని ఓపిగ్గా చూపించింది: ముందు ఫోన్లోంచి మాస్టారి ఖాతా తీసేయాలి, తర్వాత ఫోనుని కొన్ననాటి స్థితికి తేవాలి, ఆపైన తెరిచి ఏమీ మిగల్లేదని చూసుకోవాలి. ప్రవచనాలూ పోయాయి. వాటి గురించి ఎవరికీ దిగులు కలగలేదు.

ఎవరు వచ్చినా కూర్చునే పలకరించే మాస్టారు లేచి నిలబడి ఆవిడకి చేతులు జోడించారు. "నా బిడ్డని కాపాడావమ్మా" అన్నారు. ఫోన్లో సంగతి విన్న సుభద్ర, ఆవిడ చల్లగా ఉండాలని పదేపదే అంది. హుసేన్‌బీ బస్సు ఛార్జీలు వద్దంది, గ్లాసుడు మజ్జిగ తాగి, తన ఫోను తీసుకుని రోడ్డెక్కింది.

కామేశం మాస్టారి కాళ్ళ మీద పడబోయాడు. "తప్పయిపోయింది. మొన్న వినే అర్హత గురించి నేనడిగినది..."

మాస్టారు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

"నన్నెందుకు? ఆవిడ బస్సు ఇంకా రాలేదు. వెళ్ళి అడుగు."